యూదుల పెండ్లిమేళము

గడచిన సంవత్సరము తొమ్మిదవ తరగతి పాటల పాఠమునందు మేమొక పాత గ్రామఫోను ప్లేటులోని సంగీతమును విద్యార్థులకు వినిపించితిమి. ప్లేటు మాయొద్ద లేదు; దానిలోని ధ్వనిని ఫోనులో నిలువచేసికొని చిన్న స్పీకరు ద్వారా వినిపించితిమి. అది 1920 వ దశకమున అమెరికాలో పట్టబడిన వాద్యసంగీతము. క్లారినెట్టు ముందు నడచుచుండగా తక్కిన వాద్యములు దానివెంట నడచుచుండెను. పిల్లలు మొదట నవ్విరి; పిమ్మట తమకు తెలియకయే కాళ్లతో తాళము వేయ నారంభించిరి. వాద్యము ముగిసిన తరువాత వెనుకబల్లనుండి యొక బాలుడు లేచి, "మాష్టారూ! ఇది పెండ్లిపాటా, ఏడుపుపాటా?" అని యడిగెను. తరగతియంతయు నవ్వెను గాని మేము నవ్వలేదు. అది మంచి ప్రశ్న. ఆనాడు మేమిచ్చిన యుత్తరము చాలలేదని తోచినందున, దానినే విస్తరించి యీ వ్యాసముగా వ్రాయుచున్నాము.

మాటయొక్క యర్థము

ఈ సంగీతమునకు క్లెజ్మర్ సంగీతమని పేరు. ఆ మాట హీబ్రూ భాషనుండి వచ్చినది. "క్లే" యనగా పాత్రలు లేక పనిముట్లు. "జెమెర్" అనగా పాట. రెండును కలిసి పాటకు పనిముట్లు, అనగా వాద్యములు, అను నర్థము నిచ్చును. కాలక్రమమున ఆ మాట వాద్యమును విడిచి వాద్యకాని కంటుకొనెను. మన పల్లెలలో "మేళము వచ్చినది" అన్నప్పుడు సన్నాయి, డోలు మాత్రమే గాక వానిని వాయించువారును వచ్చిరని యెట్లు గ్రహింతుమో, అదియు నట్టిదే. సంగీతమునకే యా పేరు స్థిరపడుట ఇరువదవ శతాబ్దపు సంగతి.

ఈ వాద్యకాండ్రు తూర్పు ఐరోపాలోని యూదులు. పోలండు, ఉక్రెయిను, లిథువేనియా, బేలారసు, రుమేనియా, మొల్దావియా దేశముల చిన్న పట్టణములలో వారు నివసించుచుండిరి. వారి యింటిభాష యిద్దిషు. దానికి మూలము జర్మను భాష. అందు హీబ్రూ మాటలును స్లావు భాషల మాటలును కలిసియుండును. వ్రాయుట మాత్రము హీబ్రూ లిపిలోనే.

వేదగ్రంథములోని కీర్తనలను చదివినవారికి యూదులు దేవాలయమందు సితారయు, స్వరమండలమును, తంబురయు, తాళములును వాయించి దేవుని స్తుతించిరని తెలియును. అయితే క్రీ. శ. 70 వ సంవత్సరమున రోమీయులు యెరూషలేము దేవాలయమును పడగొట్టిరి. ఆ దుఃఖమునకు గుఱుతుగా యూదుల పెద్దలు వాద్యసంగీతమును చాలవరకు నిషేధించిరి. సమాజమందిరములలో ఆరాధన కంఠస్వరముతోనే జరుగుచు వచ్చెను. కాని వధూవరులను సంతోషపెట్టుట ధర్మకార్యమని వారి బోధ. ఈ హేతువుచేత పెండ్లియిల్లు వాద్యమునకు నిలువనీడ యయ్యెను. క్లెజ్మర్ మేళము పెండ్లిమేళ మగుటకు కారణ మిదియే.

పెండ్లిలో మేళము చేయు పని

పెండ్లిమేళమును యిద్దిషు భాషలో "కపెల్యే" యందురు. ముగ్గురు మొదలు ఎనమండ్రు పదుగురు వరకు అందు చేరుచుండిరి. ఈ వృత్తి తండ్రినుండి కుమారునికి వచ్చునది. నాయకుడు ఫిడేలు వాయించువాడు. అతని ప్రక్క మఱియొక ఫిడేలు, అడుగుస్వరములకు పెద్ద తంతివాద్యము, దానితో "త్సింబ్ల్" అనునది యుండును. త్సింబ్ల్ అనగా పలుచని పెట్టెపై అనేక తంతులు బిగించి రెండు చిన్న కఱ్ఱలతో మీటెడి వాద్యము. మన దేశపు సంతూరును చూచినవారు దాని రూపమును ఊహించుకొనవచ్చును. పిల్లనగ్రోవి కొన్నిచోట్ల నుండెడిది. పందొమ్మిదవ శతాబ్దమున క్లారినెట్టు వచ్చి చేరెను.

ముహూర్తమునకు ముందు వధువును కుర్చీలో కూర్చుండబెట్టి ముత్తైదువలు చుట్టును నిలుచుందురు. "బద్ఖన్" అనెడి యొక వాగ్మి ముందుకు వచ్చి ప్రాసలు కూర్చి అప్పటికప్పుడు పద్యములు చెప్పును. "నీ బాల్యము నేటితో ముగిసినది, తల్లియిల్లు విడిచి పోవుచున్నావు, చనిపోయిన పెద్దలను తలంచుకొనుము" అను నభిప్రాయములు వానిలో నుండును. ప్రతి చరణము తరువాత ఫిడేలు ఆ మాటలకే మూలుగునట్లు బదులు పలుకును. వధువు ఏడ్చును, స్త్రీలందఱు నేడ్తురు. తరువాత పందిరిక్రింద వివాహము జరుగును. వరుడు గాజుపాత్రను కాలితో పగులగొట్టును. ఆ చప్పుడు వినబడినంతనే మేళము ఉత్సాహముతో నృత్యపుపాట నెత్తుకొనును. తెల్లవాఱుజామున బంధువులను ఇండ్లకు సాగనంపుటకు వేఱొక పాట గలదు.

కావున మా విద్యార్థి ప్రశ్నకు మొదటి యుత్తర మిది. అది పెండ్లిపాటయే, అయితే ఆ పెండ్లిలో ఏడ్పునకు ఒక నియమిత స్థానము గలదు. ఏడిపించువాడును ఆడించువాడును ఒకే ఫిడేలుకాడు.

స్వరములు, తాళములు

కర్ణాటక సంగీతము నేర్చువారు మొదట సాధకము చేయునది మాయామాళవగౌళ. అందలి కాకలి నిషాదమును కైశికి నిషాదముగా మార్చిన యెడల 14 వ మేళకర్తయగు వకుళాభరణ మగును. క్లెజ్మోరులు "ఫ్రెయ్‌గిష్" అను పేర మిక్కిలిగా వాడు స్వరక్రమమున కివే మెట్లు. వారు విషాదగీతములలో వాడు మఱియొక క్రమము మన 58 వ మేళకర్తయగు హేమవతి మెట్లతో సరిపోవును. ఇంతమాత్రముచేత ఆ సంగీతము మన దేశమునుండి పోయెననిగాని, మనది అక్కడనుండి వచ్చెననిగాని యెవరును తలంపరాదు. మెట్లు ఒక్కటియైనను నడక వేఱు, గమకము వేఱు. అయినను హార్మోనియముపై వకుళాభరణమును నెమ్మదిగా వాయించి చూచినచో, ఆ ప్లేటు మన చెవికి ఏల కొంత పరిచితముగా తోచెనో తెలిసికొనవచ్చును.

వారి గమకములలో ముఖ్యమైన దానిని "క్రెఖ్ట్స్" అందురు. దాని యర్థము మూలుగు. స్వరము చివర గొంతు పట్టుకొన్నట్లు ఒక చిన్న విఱుపు వినబడును. సమాజమందిరమున ప్రార్థన పాడు గాయకుని కంఠమునందు నిదే విఱుపు వినవచ్చును. మా తరగతి బాలునికి ఏడ్పుగా తోచినది ఇదియే.

తాళమునకు వచ్చినచో, వారి నృత్యములలో పెక్కింటియందు ఎనిమిది మాత్రలు మూడు, మూడు, రెండుగా విభాగింపబడును. "తకిట తకిట తక" యని చేతితో వేసినచో ఆ నడక వచ్చును. "జోక్" అను నెమ్మదినృత్యమున మూడు మాత్రలలో రెండవది మౌనముగా విడువబడును. కుంటుచు నడచువాని యడుగువలె అది వినబడును. "దోయిన" అనునది రుమేనియా దేశపు గొఱ్ఱెలకాపరుల పాటనుండి వచ్చినది. దానికి తాళము లేదు; మన ఆలాపనవలె విస్తరింపబడి, చివరకు ఒక నృత్యపుపాటలో ప్రవేశించును.

మూడు నిమిషముల ప్లేటు

1911 మొదలు 1914 వరకు వార్సా నగరమున సిరేనా యను కంపెనీవారు "బెల్ఫ్ రుమేనియా ఆర్కెస్ట్రా" యను నొక చిన్న మేళపు సంగీతమును ప్లేట్లపై పట్టిరి. ఒక క్లారినెట్టు, ఫిడేళ్లు, పియానో, అంతియే. ఐరోపాలో యుద్ధమునకు ముందు పట్టబడిన క్లెజ్మర్ ప్లేట్లలో అవి ముఖ్యమైనవి. ఆ కాలముననే లక్షలకొలది యూదులు దారిద్ర్యమునకును హింసకును వెఱచి అమెరికాకు పోవుచుండిరి. వారితో వాద్యకాండ్రును పోయిరి. రుమేనియానుండి పోయిన ఏబ్ ష్వార్జ్ 1917 నుండి న్యూయార్కులో ప్లేట్లు ఇచ్చెను. 1920 లో తన కుమార్తె పియానో వాయింపగా తాను ఫిడేలు వాయించి కొన్ని ప్లేట్లు ఇచ్చెను. గలీషియానుండి 1908 లో పోయిన నఫ్తూలె బ్రాండ్‌వైన్ అను క్లారినెట్టు విద్వాంసునికి స్వరలిపి చదువుట రాదు. అయినను 1920 వ దశకమున అతని ప్లేట్లకు సాటిలేదు. ఉక్రెయినునుండి 1921 లో పోయిన డేవ్ టారస్ మొదట బొచ్చువస్త్రముల కర్మాగారమున కూలిపని చేసి, పిమ్మట ఆ వాద్యమందే ప్రసిద్ధుడయ్యెను.

ఇచ్చట విజ్ఞానశాస్త్రము చదువు విద్యార్థులు శ్రద్ధగా గమనింపవలసిన విషయ మొకటి గలదు. 1925 వఱకు ప్లేట్లను పట్టుటకు విద్యుచ్ఛక్తి వాడుకలో లేదు. వాద్యకాండ్రు ఒక పెద్ద బాకాయెదుట నిలిచి వాయించెడివారు. గాలిలోని కంపనము బాకాలో దూరి, సన్నని పొరను కదల్చెడిది. ఆ పొరకు తగిలించిన సూది మైనపు బిళ్లపై గాటు గీసెడిది. గట్టిగా పలుకు వాద్యమును దూరముగాను, మెల్లగా పలుకు వాద్యమును బాకాకు దగ్గఱగాను నిలువబెట్టవలెను. ఫిడేలు ధ్వని చాలకపోవుటచేత దానికే యొక లోహపు బాకాను తగిలించి కొందఱు వాయించిరి. ఆ వాద్యమునకు 1899 లో స్ట్రో అనునతడు పేటెంటు పొందెను. అడుగుస్వరముల తంతివాద్యము సరిగా పట్టుబడకపోవుటచేత దాని స్థానమున ఇత్తడి బాకాలు చేరెను. త్సింబ్ల్ యొక్క మెత్తని పలుకు క్లారినెట్టుక్రింద మునిగిపోయెను.

మఱియు పది అంగుళముల ప్లేటు నిమిషమునకు 78 చుట్లు తిరిగి సుమారు మూడు నిమిషములలో ముగియును. పెండ్లిలో ఆడువారికి తృప్తి కలుగువఱకు సాగెడి నృత్యము ప్లేటుపై మూడు నిమిషములకు కుదింపబడెను. విస్తారమైన దోయినకును అదే గతి పట్టెను. కావున ప్లేటును విని, "క్లెజ్మర్ అనగా క్లారినెట్టు, పాట అనగా మూడు నిమిషములు" అని నిశ్చయించువాడు పొరపడును. ప్లేటు నిజమే చెప్పును గాని నిజమంతయు చెప్పదు.

మైనపు గొట్టములు

కంపెనీవారు వర్తకముకొఱకు ప్లేట్లు చేసిరి. వర్తకాపేక్ష లేక పాటలను ప్రోగుచేసినవారును గలరు. 1912 లో ఆన్‌స్కీ యను రచయిత కొందఱితో కూడి ఉక్రెయినులోని యూదుల పట్టణములను దర్శింప బయలుదేరెను. ఆయనవెంట ఎంగెల్, పిమ్మట కిసెల్‌గోఫ్ అను సంగీతజ్ఞులు ఫోనోగ్రాఫు యంత్రముతో పోయిరి. 1914 లో యుద్ధము వచ్చి పని యాగువఱకు వారు సుమారు 500 మైనపు గొట్టములపై పాటలను పట్టిరి. తరువాత కీవ్ నగరమున మోషె బెరెగోవ్‌స్కీ యను పండితుడు ఆ పనిని కొనసాగించెను. ఆయన 1892 లో జన్మించెను. పల్లెపల్లెకు పోయి పాటలు పట్టుటయే గాక, వృద్ధులైన వాద్యకాండ్రకు ప్రశ్నావళులు పంపి, ఏ పాట ఏ సమయమున వాయింపబడునో, సంపాదన నెట్లు పంచుకొందురో వ్రాయించి తెప్పించెను.

అంతలో రెండవ ప్రపంచయుద్ధము వచ్చెను. నాజీలు అరువది లక్షల యూదులను చంపిరి. 1941 సెప్టెంబరు 29, 30 తేదీలలో, కీవ్ నగరముచెంత బాబీ యార్ అను లోయయందు, చంపినవారే వ్రాసికొన్న లెక్క ప్రకారము 33,771 మంది చంపబడిరి. మేళములు పోయెను, మేళములను పిలుచువారును పోయిరి, పెండ్లి జరుగవలసిన యిండ్లే పోయెను. ప్రపంచమున నింకొక చోట ఇట్టి సంగీతమును వినవలెనన్నచో న్యూయార్కు మొదలైన పట్టణములలో నుండిన ముసలివారే దిక్కు. అచ్చటను 1924 నాటి వలసచట్టము క్రొత్తవారి రాకను చాలవరకు ఆపివేసెను. పిల్లలు ఇంగ్లీషు పాటలకు మరగిరి.

యుద్ధానంతరము బెరెగోవ్‌స్కీ కష్టములు తీరలేదు. ఆయన పనిచేసిన సంస్థను 1949 లో సోవియటు ప్రభుత్వము మూసివేసెను. 1950 లో ఆయనను ఖైదుచేసి సైబీరియాలోని తాయ్‌షెట్ శిబిరమునకు పంపిరి. 1955 లో విడుదలయై, మిగిలిన యారు సంవత్సరములు తన వ్రాతప్రతులను సరిదిద్దుకొనుచు, 1961 లో మరణించెను. వాద్యసంగీతమును గూర్చిన ఆయన గ్రంథము మాస్కోలో అచ్చగుట 1987 లో. ఆయన జీవించియుండగా దానిని చూడలేదు.

మైనపు గొట్టములు నశించెనని లోకము చాలకాలము తలంచెను. 1990 వ దశకమున అవి కీవ్ నగరపు వెర్నాడ్‌స్కీ గ్రంథాలయమున భద్రముగా నున్నవని తెలియవచ్చెను. వెయ్యికి పైగా గొట్టములు! 2005 లో యునెస్కో సంస్థ వానిని ప్రపంచ స్మృతిపట్టికలో చేర్చెను. మైనపు గొట్టమును వాయించిన ప్రతిసారియు సూది దానిని కొంత అరుగదీయును; అందుచేత వాని ధ్వనిని నేటి సాధనములతో నకలు తీసికొనుచున్నారు. కిసెల్‌గోఫ్ కూర్చిన స్వరలిపి ప్రతులను దేశదేశములయందలి వాద్యకాండ్రు వేతనము లేకయే చదివి తిరిగి వ్రాయుచున్నారు.

ముగ్గురి మేళము

ఇక చిన్న మేళపు కథకు వత్తము. 1970 వ దశకమున అమెరికాలో పుట్టిపెరిగిన కొందఱు యూదయువకులు తమ తాతల సంగీతమును వెదకనారంభించిరి. వారిలో ఆండీ స్టాట్‌మన్ అనునతడు అమెరికా జానపద సంగీతమున మాండొలిన్ వాయించుటలో నేర్పరి. పరుల పాట నింత శ్రద్ధతో నేర్చితిని, మావారి పాట ఏది యని ప్రశ్నించుకొని, వృద్ధుడైన డేవ్ టారస్‌ను వెదకి శిష్యుడయ్యెను. అతని స్నేహితుడు జేవ్ ఫెల్డ్‌మన్ మఱుగుపడిన త్సింబ్ల్ వాద్యమును చేపట్టెను. వారు 1978 లో న్యూయార్కున టారస్ కచేరీని ఏర్పాటుచేయుటలో పాలుపంచుకొనిరి. 1979 లో మార్టీ కన్‌ఫ్యూరియస్ అడుగుస్వరము వాయింపగా, "జూయిష్ క్లెజ్మర్ మ్యూజిక్" అను పేరుగల ప్లేటును వెలువరించిరి.

పాత ప్లేటునుండి నేర్చుకొనుట సులభము కాదు. గీతల చప్పుడు మధ్య స్వరమును ఏఱుకొనవలెను. ప్లేటు తిరుగు వేగమును సగము చేసినచో గమకము విడివిడిగా వినబడును గాని స్వరము ఒక స్థాయి క్రిందికి దిగును. దానిని మనస్సులో పైకెత్తుకొని వ్రాసికొనవలెను. ఇంత చేసినను, ఈ పాట వధువు ఏడ్చునప్పటిదా, బంధువులు పోవునప్పటిదా యని ప్లేటు చెప్పదు. అది గురువు చెప్పవలెను. ముగ్గురే కలిసి వాయించుటవలన నొక మేలు కలిగెను: బాకా ముంచివేసిన త్సింబ్ల్ ఈ ప్లేటునందు స్పష్టముగా వినబడును. తరువాత 2000 లో ఫెల్డ్‌మన్, స్టీవెన్ గ్రీన్‌మన్ అను ఫిడేలు విద్వాంసుడు మొదలైనవారు "ఖెవ్రిసా" యను మేళముగా కూడి, ఫిడేలును తిరిగి నాయకస్థానమున నిలిపి మఱియొక సంపుటమును ఇచ్చిరి. పాతప్లేట్లు చెప్పక విడిచిన నిజమును ఈ చిన్న మేళములు ఇట్లు పూరించిరి. టారస్ 1989 వఱకు జీవించి, తన విద్య శిష్యుని చేతిలో నిలుచుట చూచెను.

మనకు పాఠము

ఇది దూరదేశపు కథ యని ప్రక్కన పెట్టవచ్చును. మేమును చాలకాలము అట్లే యుంటిమి. మా నాయనమ్మ వరినాట్లవేళ పాడు పాటలలో పెద్ద దిట్ట. ఆమె ఎత్తుకొన్నచో గట్టుమీదివారు సైతము పని నిలిపి వినెడివారు. మేము ఉపాధ్యాయశిక్షణ కళాశాలలో స్వరలిపి వ్రాయుట నేర్చి, పరీక్షయందు మంచి మార్కులును పొందితిమి. సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఆమె వసారాలో కూర్చుండి పాడుచునే యుండెను. మేము గదిలో కూర్చుండి పాఠములు వ్రాసికొనుచునే యుంటిమి. పట్టుటకు టేపురికార్డరు పొరుగింటిలో నుండెను. అడుగుటకు మాకు తోచలేదు. ఆమె పోయిన తరువాత మా చెల్లెలును మేమును కూర్చుండి జ్ఞాపకము చేసికొనజూడగా ఒక్క పాటకు ఒక్క చరణము వచ్చినది. రెండవ చరణమునకు ఆమె గొంతు జ్ఞాపకము వచ్చినది గాని మాటలు రాలేదు. మాకు యుద్ధము రాలేదు, ఎవరును మమ్ము ఖైదుచేయలేదు. అశ్రద్ధయే చాలెను.

కావున విద్యార్థులారా, ఈ వేసవి సెలవులలో ఒక పని చేయుడు. మీ యింటిలోగాని వీధిలోగాని పాట తెలిసిన పెద్దవారిని ఒకరిని ఎన్నుకొని, వారికి తీరిక యున్నవేళ వినయముతో అడుగుడు. ఫోనులో పట్టుడు. పట్టుటతో నిలువక, పాటప్రక్కనే మూడు సంగతులు వ్రాయుడు: పాడినవారి పేరు, వారు ఎవరియొద్ద నేర్చిరో, అది ఏ పనివేళ పాడబడునో. తలిదండ్రులు ఈ పనిని ఆటగా నెంచి అడ్డుచెప్పకుందురుగాక. పాఠశాల తెఱచిన తరువాత మీరు తెచ్చిన పాటలను పాటల గదిలో నొక పుస్తకమున వ్రాసి యుంచుదుము. మొదటి పుటలో మా నాయనమ్మ పాట ఒక్క చరణముగానే యుండును. ఆ క్రిందిభాగమును ఖాళీగా విడిచియుంచుదుము. మీ పల్లెలలో ఎవరికైనను ఆ రెండవ చరణము తెలిసియుండవచ్చును.